క్రోక్ పార్కులో గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లండ్‌కు ఉద్యోగానికో చదువుకో వచ్చిన తెలుగువారు తొలి వేసవిలోనే ఒక సంగతి గమనిస్తారు. ఏప్రిల్ నుంచి జులై చివరి దాకా సోమవారం ఉదయం ఆఫీసులో మాటలన్నీ ఆదివారం నాటి గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్ చుట్టూ తిరుగుతుంటాయి. ఆ మాటల్లో తామూ కలవాలనుకునేవారి కోసం, వేసవిలో పిల్లల దగ్గరకు వచ్చి ‘ఆ జనమంతా జెండాలు పట్టుకుని ఎక్కడికి పోతున్నారు?’ అని అడిగే తల్లిదండ్రుల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. నా అభిప్రాయాలు ఇందులో కొంచెం ఎక్కువగానే ఉన్నాయి. అవి నచ్చకపోతే, స్టేడియంలో మీ పక్క సీటు పెద్దాయన తన అభిప్రాయాలు చెబుతాడు, మీరు అడగకపోయినా.

టీవీలో మనం చూసే ఫుట్‌బాల్, ఇదీ ఒకటేనా?

కాదు. జట్టుకు పదిహేను మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. అయితే చేత్తో పట్టుకుని నాలుగు అడుగులకు మించి వేయకూడదు. ఆ తర్వాత బంతిని నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదా పాదం మీదికి జారవిడిచి మళ్లీ చేతుల్లోకి తన్నుకోవాలి. ఈ రెండోదాన్ని ‘సోలో’ అంటారు. వరసగా రెండుసార్లు నేలకు కొట్టడం కుదరదు కాబట్టి పరిగెత్తే ఆటగాడు చాలాసార్లు సోలో మీదే ఆధారపడతాడు. నిండు వేగంతో పోతూ, భుజానికి భుజం తగిలించి తోసేవాడు పక్కనే ఉండగా, కళ్లు దించకుండా ఆ పని చేయడం చూస్తే ఇది ఎంత కష్టమైన ఆటో తెలుస్తుంది.

బంతిని విసిరి అందించకూడదు, పిడికిలితోనో అరచేతితోనో కొట్టి అందించాలి. నేల మీదున్న బంతిని నేరుగా చేత్తో తీసుకోకూడదు, కాలి మొనతో లేపి అందుకోవాలి. మహిళల ఆటలో మాత్రం నేరుగా తీసుకోవచ్చు. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్ల దాకా ఉంటుంది, మామూలు ఫుట్‌బాల్ మైదానం కంటే బాగా పెద్దది. సీనియర్ కౌంటీ మ్యాచ్ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 70 నిమిషాలు, సగానికి 35.

స్కోరు 1-26 అని రాస్తారేమిటి?

ముందున్నది గోల్స్, తర్వాతిది పాయింట్లు. గోల్‌పోస్టులు ఇంగ్లిషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింద వలలోకి వెళితే గోల్, దానికి మూడు పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి రెండు నిలువు స్తంభాల మధ్యగా వెళితే ఒక పాయింటు. 2025 నుంచి మరొకటి వచ్చింది: గోల్‌కు 40 మీటర్ల దూరంలో గీసిన వంపు గీత బయటినుంచి తన్ని పైనుంచి పంపితే రెండు పాయింట్లు.

కాబట్టి 1-26 అంటే మొత్తం 29. 2025 జులై 27న జరిగిన అఖిల ఐర్లండ్ ఫైనల్లో కెర్రీ కౌంటీ 1-26, డోనెగాల్ 0-19. అంటే 29, 19. పది పాయింట్ల తేడా. అంతకు ముందు ఏడాది అర్మా 1-11, గాల్వే 0-13. పద్నాలుగు, పదమూడు. మొదటిసారి వెళ్లినవారికి పక్కవాళ్లందరూ ఇంత వేగంగా మనసులో లెక్క ఎలా కడుతున్నారో అంతుపట్టదు. స్కోరుబోర్డు మీద మొత్తాన్ని వెతకకండి, మూడు ఎక్కం సరిపోతుంది.

గోల్‌పోస్టుల పక్కన తెల్ల కోట్లు వేసుకుని నిలబడేవారు అంపైర్లు. పచ్చ జెండా ఊపితే గోల్, తెల్ల జెండా ఊపితే పాయింటు, నారింజ జెండా ఊపితే రెండు పాయింట్లు. బంతి స్తంభాల లోపలినుంచి వెళ్లిందా లేదా అని అనుమానం వస్తే హాక్ ఐ చూస్తారు. అది డబ్లిన్‌లోని క్రోక్ పార్కు స్టేడియానికి 2013లో వచ్చింది. పెద్ద తెర మీద జవాబు ఐరిష్ భాషలో వస్తుంది: ‘తా’ అని కనిపిస్తే పాయింటు ఉంది, ‘నీల్’ అని కనిపిస్తే లేదు. ఆ ఒక్క క్షణం స్టేడియం మొత్తం ఊపిరి బిగబడుతుంది.

కొత్త నియమాలు వచ్చాయంటున్నారు. పాతవాళ్లు ఎందుకు అంతగా మెచ్చుకుంటున్నారు?

పాత ఆట విసుగు పుట్టించే స్థితికి చేరింది కాబట్టి. పదేళ్లుగా జట్లు తమ పదిహేను మందినీ సొంత గోల్ ముందు గుమిగూడేలా నిలబెట్టేవి. ఎదుటి జట్టు బంతిని అటూ ఇటూ అందించుకుంటూ సందు కోసం ఎదురుచూసేది. టికెట్లన్నీ అమ్ముడుపోయిన స్టేడియంలో ఆవులింతలు వినిపించిన రోజులవి. దాంతో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అంటే జీఏఏ, నియమాల సమీక్షకు ఒక సంఘం వేసింది. దానికి అధ్యక్షుడు జిమ్ గావిన్, డబ్లిన్‌కు 2015 నుంచి 2019 దాకా వరసగా ఐదు టైటిళ్లు తెచ్చిన మేనేజర్.

రెండు పాయింట్ల తన్ను ఆ సంఘం తెచ్చినదే. దానితోపాటు ప్రతి జట్టూ కనీసం ముగ్గురిని ఎప్పుడూ అవతలి సగంలో ఉంచాలి. అందరూ వెనక్కి వచ్చి గోడ కట్టడం ఇక కుదరదు. గోల్‌కీపరు తన్నే బంతి ఆ వంపు గీత దాటి పడాలి, కాబట్టి మధ్య మైదానంలో గాల్లోకి ఎగిరి బంతిని అందుకునే పాత సొగసు మళ్లీ కనిపిస్తోంది. ఫ్రీ కిక్ దొరికినవాడు ఆగకుండా సోలోతో వెంటనే ముందుకు సాగవచ్చు. రిఫరీతో వాదిస్తే బంతిని 50 మీటర్లు ముందుకు జరుపుతారు. నా దృష్టిలో ఈ చివరి నియమం ఒక్కటే అన్ని ఆటలకూ పనికొస్తుంది.

ఏ మ్యాచ్‌కు వెళ్లాలి? ఫైనల్‌కేనా?

మొదటిసారి ఫైనల్ కోసం పట్టుబట్టకండి. క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లండి.

ఎందుకో చెబుతాను. ఐర్లండ్ ద్వీపంలో 32 కౌంటీలు. వాటిలో ఆరు ఉత్తర ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ పాలనలో ఉన్నాయి. ఆటకు మాత్రం ఆ సరిహద్దు లేదు. కౌంటీలు నాలుగు ప్రావిన్సులుగా ఉంటాయి: మన్‌స్టర్, లెన్‌స్టర్, అల్‌స్టర్, కానాక్ట్. వసంతంలో ప్రావిన్సుల ఛాంపియన్‌షిప్‌లు జరుగుతాయి. విదేశాల్లోని ఐరిష్ వారి తరఫున లండన్, న్యూయార్క్ జట్లు కూడా కానాక్ట్‌లో ఆడతాయి. కర్రతో ఆడే హర్లింగ్ తప్ప మరో ఆట పట్టని కిల్‌కెన్నీ మాత్రం సీనియర్ ఫుట్‌బాల్‌లో దిగదు. ప్రావిన్సుల తర్వాత అఖిల ఐర్లండ్ దశ. ఆ దశ ఎలా నడవాలన్నది కొన్నేళ్లకోసారి మారుస్తుంటారు కాబట్టి ఆ ఏటి పట్టిక చూసుకోండి. క్వార్టర్ ఫైనళ్లు, సెమీ ఫైనళ్లు, ఫైనల్ క్రోక్ పార్కులోనే జరగడం ఆనవాయితీ. ఒకప్పుడు ఫైనల్ సెప్టెంబరులో ఉండేది, 2022 నుంచి జులైకి వచ్చింది.

క్వార్టర్ ఫైనళ్లు మామూలుగా ఒకే రోజు రెండు చొప్పున జరుగుతాయి, ఒకే టికెట్‌తో రెండూ చూడవచ్చు. నాలుగు కౌంటీల జనం, నాలుగు రంగుల జతలు, నాలుగు యాసలు. టికెట్ సులభంగా దొరుకుతుంది, ధర తక్కువ, కోపాలు ఇంకా ముదిరి ఉండవు. ఫైనల్ రోజు సగం స్టేడియం ఆందోళనతో కూర్చుని ఉంటుంది. కొత్తవారికి ఆట వివరించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంకా తేలికైన దారి మహిళల ఫైనల్. అదీ క్రోక్ పార్కులోనే, మామూలుగా ఆగస్టు మొదట్లో జరుగుతుంది. 2019లో దానికి 56,114 మంది వచ్చారు.

టికెట్లు ఎక్కడ కొనాలి?

ఫైనల్ తప్ప మిగిలిన మ్యాచ్‌లకు జీఏఏ వెబ్‌సైట్ ద్వారా టికెట్‌మాస్టర్‌లో, కొన్ని సూపర్‌వాల్యూ, సెంట్రా దుకాణాల్లో దొరుకుతాయి. టికెట్ ఫోనులోకి వస్తుంది. స్టేడియం గేటు దగ్గర కొందామనుకుని వెళ్లవద్దు. ఇల్లు కదిలేముందే టికెట్‌ను ఫోనులో దించుకుని పెట్టుకోండి. ఎనభై వేల ఫోన్లు ఒకేసారి పనిచేసే చోట ఇంటర్నెట్ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఫైనల్ సంగతి వేరు. ఆ టికెట్లు బహిరంగంగా అమ్మరు. కౌంటీ బోర్డుల ద్వారా క్లబ్బులకు వెళతాయి. క్లబ్బుల్లో లాటరీ తీస్తారు, ఏడాదంతా పిల్లలకు శిక్షణ ఇచ్చినవారికి, మైదానం గడ్డి కోసినవారికి ముందు ఇస్తారు. ఫైనల్ వారం వచ్చేసరికి దేశం మొత్తం దూరపు బంధువులను గుర్తుచేసుకుంటుంది. 2023లో ఫైనల్‌కు సీటు టికెట్ 100 యూరోలు, నిలబడి చూసే హిల్ 16 టికెట్ 55 యూరోలు. వీధిలో ఎవరో చేతిలో పెట్టే టికెట్‌ను మాత్రం కొనవద్దు. ఫైనల్ టికెట్ కావాలంటే నిజాయితీ గల మార్గం ఒక్కటే, మీ ప్రాంతపు క్లబ్బులో సభ్యులు కావడం. అప్పుడు కూడా పూచీ లేదు.

ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

స్టేడియంలో 82,300 మంది పడతారు. ఒకవైపు హోగన్ స్టాండ్, ఎదురుగా క్యూసాక్ స్టాండ్, ఒక గోల్ వెనుక డేవిన్ స్టాండ్, మరో గోల్ వెనుక హిల్ 16. మధ్య అంతస్తు ఎక్కువగా ఏళ్ల తరబడి సీటు కొనుక్కున్నవారిది. మీకు దొరికేవి కింద అంతస్తు లేదా పై అంతస్తు.

పై అంతస్తే తీసుకోండి. మైదానం అంత పొడవు ఉంటే, కింద నుంచి చూసినప్పుడు అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో జనం అరిచాకే తెలుస్తుంది. పైనుంచి జట్లు ఎలా విస్తరిస్తున్నాయో, ఆ ముగ్గురు ఎక్కడ కాచుకుని ఉన్నారో మొత్తం కనిపిస్తుంది. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకెళుతుంటే కింది అంతస్తు కొనండి, చక్రాల కుర్చీ వాడేవారికి వేరే చోట్లు ఉంటాయి, వాటిని ముందుగా అడిగి తీసుకోవాలి. క్యూసాక్ వైపు సాయంత్రపు ఎండ కళ్లలో పడుతుంది. ఐర్లండ్‌లో దాన్ని ఎవరూ ఫిర్యాదుగా చెప్పరనుకోండి.

హిల్ 16 గురించి అందరూ చెబుతుంటారు. అక్కడికి వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, కానీ అక్కడ సీట్లు లేవు, పైకప్పు లేదు. డబ్లిన్ ఆడుతుంటే ఆ గట్టంతా లేత నీలం రంగు. 1916 తిరుగుబాటులో కూలిన ఓకానెల్ వీధి శిథిలాలతో దాన్ని కట్టారని ఊరంతా నమ్ముతుంది. నిజానికి అది 1915లోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాలిపోలిలో ఐరిష్ సైనికులు పోరాడిన గుట్ట పేరు మీద మొదట హిల్ 60 అనేవారు. బ్రిటిషు సైన్యంలో పోరాడినవారి జ్ఞాపకం తమ మైదానంలో ఉండటం జాతీయవాదులకు నచ్చలేదు, పేరు మారింది, పేరుకు తగిన కథ తర్వాత పుట్టింది.

పిల్లలతో మొదటిసారి వెళుతుంటే హిల్ వద్దు. స్నేహితులతో వెళుతూ డబ్లిన్‌కు మద్దతిస్తుంటే అంతకు మించిన చోటు లేదు. వేరే కౌంటీ జెర్సీ వేసుకుని అక్కడ నిలబడితే ఎవరూ కొట్టరు, మాటలు మాత్రం పడాల్సి వస్తుంది.

రెండు జట్ల అభిమానులను వేరుగా కూర్చోబెట్టరా?

కూర్చోబెట్టరు. యూరప్‌లో ఫుట్‌బాల్ చూసి వచ్చినవారు నమ్మలేని సంగతి ఇదే. కెర్రీ తాత పక్కన డోనెగాల్ కుర్రాడు, వారి వెనుక రెండు కౌంటీల వారు పెళ్లి చేసుకున్న కుటుంబం, పిల్లల ముఖాలకు చెరో రంగు. రిఫరీని ఇద్దరూ కలిసే తిడతారు. ఆట అయ్యాక ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు చేయి కలిపి, ‘సామ్‌ను తీసుకుపోండి’ అంటారు. సామ్ అంటే సామ్ మాగ్వైర్ కప్పు, ఛాంపియన్లకు 1928 నుంచి ఇస్తున్నారు.

నాది ఏ కౌంటీ కాదు కదా, ఎవరికి మద్దతివ్వాలి?

మీరు ఉంటున్న కౌంటీకి. దీన్ని తేలికగా తీసుకోకండి, ఈ ఆట మొత్తం దీని మీదే నడుస్తుంది. ఆటగాళ్లను కొనడం, అమ్మడం లేదు. పుట్టి పెరిగిన ఊరి క్లబ్బుకు ఆడతారు, అందులో మెరిసినవారు సొంత కౌంటీకి ఆడతారు. గాల్వేలో ఎంత ప్రతిభావంతుడు పుట్టినా కెర్రీ వాళ్లు డబ్బు పెట్టి తెచ్చుకోలేరు. పరాయి దేశంలో మరో తెలుగువారు తారసపడగానే ‘మీది ఏ ఊరు?’ అని మనం అడిగినట్టే, ఐరిష్ వారు ఇద్దరు కలిస్తే ముందు కౌంటీ అడుగుతారు, తర్వాత పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం), తర్వాత క్లబ్బు. పదో నిమిషానికి ఇద్దరికీ తెలిసినవారు ఒకరు బయటపడతారు. కాబట్టి ‘మీరు ఎవరి వైపు?’ అని అడిగితే ‘ఎవరు గెలిచినా పరవాలేదు’ అనకండి. ‘లూకన్‌లో ఉంటాను, కాబట్టి డబ్లిన్’ అనండి. వెంటనే లోపలికి రానిస్తారు.

ఏ సంబంధమూ లేకపోతే మేయోను ఎంచుకోండి. వాళ్లు చివరిసారి గెలిచింది 1951లో. ఆ తర్వాత ఎన్నో ఫైనళ్లకు వచ్చి ఓడారు, 2020, 2021లో వరసగా. 1951లో కప్పుతో ఊరికి వస్తూ ఫాక్స్‌ఫర్డ్ దగ్గర ఒక అంత్యక్రియల ఊరేగింపుకు మర్యాద ఇవ్వకుండా పోయారని, ఆ జట్టులో అందరూ కన్నుమూసేదాకా మేయో మళ్లీ గెలవదని ఒక చర్చి ఫాదరు శపించాడని కథ. ఆ జట్టులో చివరి ఆటగాడు 2021లో కన్నుమూశాడు. 2025 సీజను ముగిసేనాటికీ కప్పు మేయోకు రాలేదు. ఇప్పుడు అక్కడివారికి శాపం అనే సాకు కూడా లేదు.

గెలిచే జట్టే కావాలనుకుంటే కెర్రీ ఉంది. 2025తో 39 టైటిళ్లు. అలా ఎంచుకోవడంలో కిక్కు లేదన్నది నా అభిప్రాయం.

ఇంతమంది వస్తారు, ఆటగాళ్లకు డబ్బు బాగా ముడుతుందా?

జీతమే లేదు. ప్రయాణ ఖర్చుల వంటివి ఇస్తారు, అంతే. ఆదివారం 82,000 మంది ముందు ఆడినవాడు సోమవారం బడిలో పాఠం చెబుతూనో, బ్యాంకులో కూర్చునో కనిపిస్తాడు. ఈ తరంలో అందరికంటే గొప్ప ఆటగాడని చాలామంది ఒప్పుకునే కెర్రీ డేవిడ్ క్లిఫర్డ్ బడి పంతులు. టికెట్ల డబ్బులో ఎక్కువ భాగం తిరిగి కౌంటీలకు, క్లబ్బులకు, మైదానాలకు పోతుంది.

స్టేడియంకు ఎలా వెళ్లాలి?

నడిచి. ఓకానెల్ వీధి నుంచి అరగంట లోపే, కానలీ స్టేషన్ నుంచి పావుగంట పైచిలుకు. దగ్గరి రైల్వే స్టేషన్ డ్రమ్‌కాండ్రా. కార్క్, కెర్రీ, గాల్వే వైపు నుంచి వచ్చే రైళ్లు హ్యూస్టన్‌కు వస్తాయి, అక్కడి నుంచి ఎర్ర లైను లూయస్ ట్రాము ఎక్కి కానలీ వైపు రావచ్చు. కారు తేవద్దు. చుట్టూ ఇరుకైన ఇళ్ల వీధులు, మ్యాచ్ రోజు పోలీసులు మూసేస్తారు. అయినా తెచ్చినవారి కార్లను లాగి తీసుకుపోతారు.

టికెట్ మీద ఏ వీధి వైపు నుంచి రావాలో ఉంటుంది. దాన్ని తప్పక చదవండి. స్టేడియం చుట్టూ రైలు పట్టాలు, కాలువ ఉన్నాయి కాబట్టి తప్పు వైపు వచ్చిపడితే జనంలో చాలా దూరం చుట్టి రావాలి. కనీసం గంట ముందు చేరండి. దారిలో జెండాలు, టోపీలు, తలకు కట్టుకునే పట్టీలు అమ్మేవారి కేకలు వింటూ జనంతో కలిసి నడవడం సగం సరదా.

ఏమి తీసుకెళ్లాలి? వాన పడితే?

వాన చొక్కా. గొడుగు వద్దు, వెనుకవారి చూపుకు అడ్డం. స్టాండ్లకు కప్పు ఉన్నా కింది అంతస్తు ముందు వరుసలు తడుస్తాయి. జులైలో కూడా ఒక స్వెట్టరు ఉండాలి. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు, దాచిపెట్టే చోటూ ఉండదు. విమానాశ్రయం నుంచి నేరుగా సూట్‌కేసుతో రావాలనే ఆలోచన మానుకోండి. లోపల బార్లు ఉన్నాయి, కానీ బీరు గ్లాసు పట్టుకుని సీటు దగ్గరకు రావడం కుదరదు.

శాకాహారులకు ఏమైనా దొరుకుతుందా?

చిప్స్, టీ, చాక్లెట్. భోజనం చేసి వెళ్లండి. ఐరిష్ కుటుంబాలే ఇంటినుంచి శాండ్‌విచ్‌లు, ఫ్లాస్కులో టీ తెచ్చుకుంటాయి. పులిహోర డబ్బా తెచ్చుకుంటే వింతగా ఎవరూ చూడరు, గాజు సీసాలు మాత్రం తేవద్దు.

ఆట మొదలయ్యేముందు ఏమి జరుగుతుంది?

ఫైనల్ రోజు ఆర్టేన్ బ్యాండు వాయిస్తూ ముందు నడుస్తుంటే రెండు జట్లూ వరుస కట్టి మైదానం చుట్టూ తిరుగుతాయి. తమ స్టాండు ముందుకు జట్టు రాగానే పుట్టే హోరు వినడానికే కొందరు వస్తారు. తర్వాత జాతీయగీతం, ఐరిష్‌లో. అందరూ లేచి నిలబడతారు, మీరూ నిలబడండి. చివరి పంక్తి పూర్తికాకముందే జనం అరుపులు మొదలై పాటను మింగేస్తాయి. అది అమర్యాద కాదు, అలవాటు. రిఫరీ మధ్యలో బంతిని పైకి విసరడంతో ఆట మొదలు.

హోగన్ స్టాండ్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?

ఆ స్టాండులో కూర్చునేవారు తెలుసుకుని కూర్చోవాల్సిన సంగతి ఇది. 1920 నవంబరు 21, ఆదివారం. ఐర్లండ్ స్వాతంత్ర్య యుద్ధం సాగుతోంది. ఆ ఉదయం ఆ పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిషు గూఢచారి అధికారులను చంపారు. మధ్యాహ్నం క్రోక్ పార్కులో డబ్లిన్, టిప్పరరీ జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్. ఆట మొదలైన కాసేపటికి బ్రిటిషు బలగాలు లోపలికి వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. సుమారు తొంభై సెకన్లు. పద్నాలుగు మంది చనిపోయారు. వారిలో ముగ్గురు పిల్లలు, అందరికంటే చిన్నవాడికి పదేళ్లు. అయిదు రోజుల్లో పెళ్లి కావలసిన జేన్ బాయిల్ ఉంది. మైదానంలో తూటాకు బలైన ఆటగాడు టిప్పరరీ మైకేల్ హోగన్. స్టాండు పేరు అతనిదే.

జలియన్‌వాలా బాగ్ జరిగింది దానికి ఏడాదిన్నర ముందు. డయ్యరును వెనకేసుకొచ్చిన పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నరు మైకేల్ ఓ’డ్వయ్యరు పుట్టింది కూడా ఇదే టిప్పరరీ కౌంటీలో. చరిత్ర కొన్నిసార్లు ఇంత ఇబ్బందికరంగా ఉంటుంది.

2020లో నూరేళ్లు పూర్తయిన మరుసటి రోజే టిప్పరరీ, 1920 నాటి రంగుల జెర్సీ వేసుకుని ఆడి, 1935 తర్వాత మొదటిసారి మన్‌స్టర్ టైటిల్ గెలిచింది. ఆ ఏడాది నాలుగు ప్రావిన్సులనూ గెలిచిన కౌంటీలు, నూరేళ్ల కిందట గెలిచినవీ ఒకటే: డబ్లిన్, టిప్పరరీ, మేయో, కావన్. రచయిత ఎవరైనా ఇలా రాస్తే సంపాదకుడు కొట్టేస్తాడు.

మనకు క్రికెట్ అంటే ప్రాణం. ఆ మాట అక్కడ ఎత్తవచ్చా?

ఇప్పుడు ఎత్తవచ్చు. 1971 దాకా అయితే కాదు. 1884లో థర్లెస్ పట్టణంలో జీఏఏ పుట్టిందే ఇంగ్లిషు ఆటల ఒరవడిలో ఐరిష్ ఆటలు కొట్టుకుపోకుండా కాపాడటానికి. సభ్యులు రగ్బీ, సాకర్, హాకీ, క్రికెట్ ఆడినా, చూడటానికి వెళ్లినా సభ్యత్వం పోయేది. ఆ నిషేధాన్ని 1971లో ఎత్తేశారు. క్రోక్ పార్కు గేట్లు పరాయి ఆటలకు తెరుచుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 2007 ఫిబ్రవరి 24న అక్కడ ఇంగ్లండ్‌తో రగ్బీ జరిగింది. హోగన్ పడిపోయిన మైదానంలో ఇంగ్లండ్ జాతీయగీతం మోగుతుంటే జనం మర్యాదగా నిలబడి విన్నారు. తర్వాత ఐర్లండ్ 43-13తో గెలిచింది.

హర్లింగ్ కూడా ఇదేనా?

కాదు. అది కర్రతో, చిన్న బంతితో ఆడేది. మైదానం, స్కోరు రాసే పద్ధతి ఒకటే. దాని కథ వేరే చెప్పుకోవాలి.

డబ్లిన్ బయట మ్యాచ్‌లకు వెళితే?

తప్పక వెళ్లండి. కొండల మధ్య కిలార్నీ మైదానం, అల్‌స్టర్ ఫైనల్ రోజు వీధులన్నీ జనంతో నిండిపోయే క్లోనిస్ పట్టణం క్రోక్ పార్కు ఇవ్వలేనివి ఇస్తాయి. చిన్న కౌంటీల సంబరం చూడాలన్నా ప్రావిన్సు మ్యాచ్‌లే. 2025లో లౌత్ కౌంటీ 1957 తర్వాత మొదటిసారి లెన్‌స్టర్ గెలిచింది. ఆ రోజు ఏడ్చిన ముసలివాళ్లను చూస్తే కప్పుల లెక్కలు మరిచిపోతాం.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఒక హెచ్చరిక. అర్మా, ఒమా, బెల్‌ఫాస్ట్ వంటి చోట్ల జరిగే మ్యాచ్‌లు బ్రిటన్ నేల మీద జరుగుతాయి. దారిలో గేటు ఉండదు, తనిఖీ కనిపించదు, కానీ ఐర్లండ్ నివాస కార్డు ఒక్కటే చాలదు, బ్రిటన్ వీసా నిబంధనలు వర్తిస్తాయి. క్లోనిస్ ఐర్లండ్ వైపే ఉంది కానీ, కావన్ నుంచి అక్కడికి వెళ్లే రోడ్డు సరిహద్దును పలుమార్లు దాటుతుంది. మోనగన్ వైపు నుంచి వెళ్లండి.

మ్యాచ్ లేని రోజు స్టేడియం చూడవచ్చా?

చూడవచ్చు. లోపల మ్యూజియం ఉంది, గైడుతో తిప్పి చూపిస్తారు, పైకప్పు మీద నడిచే ఏర్పాటు కూడా ఉంది. ఖాళీ స్టేడియం నాకు అంతగా ఆనదు. వేసవిలో వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం మంచి మధ్యాహ్నం.

మా పిల్లలు ఆడతామంటున్నారు. చేర్చుకుంటారా?

సంతోషంగా. దాదాపు ప్రతి పారిష్‌లో ఒక క్లబ్బు ఉంటుంది, చాలాచోట్ల శనివారం ఉదయం చిన్నపిల్లలకు శిక్షణ ఇస్తారు. ఆడపిల్లలకు వేరే జట్లు ఉంటాయి. సభ్యత్వ రుసుము ఎక్కువేమీ కాదు. పళ్లకు రక్షణగా మౌత్‌గార్డు తప్పనిసరి, అది లేకుండా ఆడనివ్వరు. శిక్షకులందరూ మరో పిల్లవాడి తల్లో తండ్రో కాబట్టి రెండో వారానికే మిమ్మల్ని కూడా కోన్లు సర్దమంటారు, నీళ్ల సీసాలు మోయమంటారు. ఒప్పుకోండి. ఫైనల్ టికెట్ల లాటరీలో పేరు చేరేది అక్కడే.